వరళీ వేరు, వార్లీ వేరు

నేను పుట్టింది కరీంనగర్ జిల్లాలోనైనా పెరిగింది బొంబాయి వరళీలో, బి.డి.డి. చాళ్‌లో. 160 చదరపు అడుగుల ఒక్క ఖోలీలో మేం తొమ్మిది మందిమి. అందుకే మొన్న దీపావళి సెలవుల ముందు మా మనవరాలు బడి నుంచి వచ్చి, "తాతా, సెలవుల్ల వార్లీ బొమ్మలు ఏసుకొని రమ్మన్నరు" అంటే నాకు నవ్వొచ్చింది. "మన వరళీల బొమ్మలేసేటోళ్ళు ఎవరున్నరే? మిల్లు గోడల మీద యూనియనోళ్ళు రాసిన రాతలు తప్ప నేనేం చూడలే" అన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది. "వరళీ కాదు తాతా, వార్లీ. వాళ్ళు ఆదివాసులు" అంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. వార్లీ మనిషి నాకు ఒకాయన తెలుసు. తెలుసుడు కాదు, నా దోస్తు.

1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ వెంట సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులం బయటికొచ్చాం. ఆ సంగతి మన పత్రిక చదివే ఇండ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు, ఇంటింటికీ ఒక కథ ఉంది. నేనప్పుడు సాంచా ఖాతాలో బదిలీ కార్మికుణ్ణి. వయసు 25. ఆరు నెలలు గడిచేసరికి ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడింది. బోయిసర్ దగ్గర తారాపూర్ కారఖానాల్లో పని దొరుకుతుందంటే పోయి ఎనిమిది నెలలు చేశాను. నా సాంచెల దగ్గర హెల్పరుగా ఉన్నవాడే ఈ దోస్తు. డహాణూ తాలూకా మనిషి. నా డబ్బాలో కూర లేని రోజు తన భాకరీ విరిచి సగం పెట్టేవాడు. ఎండకాలం తాటి ముంజలు తెచ్చేవాడు. "మా పాడాకు ఒకసారి రా" అని ఎన్నిసార్లు పిలిచాడో లెక్క లేదు. తర్వాత నేను భివండీ వచ్చి మళ్ళీ సాంచెల మీద పడ్డాను. నలభై ఏండ్లు గడిచాయి. పండుగకు ఒక ఫోన్ తప్ప, పోయింది లేదు.

ఈసారి ఫోన్ చేసి, "మనవరాలికి బొమ్మలు నేర్పిస్తారా" అంటే, "నలభై ఏండ్లకు గుర్తొచ్చిందా" అని తిట్టి, "రేపే రా" అన్నాడు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మా అబ్బాయికి భివండీలో చిన్న స్క్రీన్ ప్రింటింగ్ కారఖానా ఉంది. రెండు బల్లలు, నలుగురు పనివాళ్ళు. ఈ మధ్య ఒక వ్యాపారి 1,000 బట్ట సంచులకు ఆర్డర్ ఇచ్చాడు. వాటి మీద వేసేది ఈ వార్లీ బొమ్మలే. మా వాడు ఫోన్‌లో దొరికిన బొమ్మ ఒకటి తీసుకొని, సంచికి సరిపడేట్టు కోసి అతికి, ఫ్రేము చేయించాడు. ఎర్ర సంచి మీద తెల్ల బొమ్మలు, చూడ్డానికి బాగున్నాయి. దోస్తు ఇంటికి ఒట్టి చేతులతో ఎట్ల పోతానని ఐదు సంచులు మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. వాళ్ళ బొమ్మలే వాళ్ళకు కానుకగా ఇస్తే సంతోషపడతారు అనుకున్నాను.

పొద్దున్నే భివండీలో ఎస్.టి. బస్సెక్కి వసై, అక్కడ డహాణూ లోకల్ పట్టుకున్నాం. 2013 నుంచి లోకల్ డహాణూ దాకా పోతున్నది. విరార్ దాటినంక బొంబాయి ఆగిపోతుంది. వైతరణి అని స్టేషనొస్తుంది, దాని దగ్గర నది. మన పురాణాల్లో చచ్చినంక దాటే నదికి అదే పేరు కదా, ఇక్కడ లోకల్ టికెట్టుతో దాటుతున్నాం అంటే మనవరాలు కిటికీ పట్టుకొని కిందికి తొంగి చూసింది. తర్వాత సఫాళే, కేళ్వే రోడ్, పాల్ఘర్. బోయిసర్ రాగానే నేను లేచి నిలబడ్డాను. ఎనిమిది నెలలు దిగిన స్టేషను. నేను పని చేసిన రోజుల్లో ఇదంతా ఠాణే జిల్లా. 2014లో పాల్ఘర్ వేరే జిల్లా అయింది. వాణ్‌గావ్ దాటితే డహాణూ రోడ్.

డహాణూలో చీకు తోటలు చూసి కండ్లు నిండుతాయి. మనం సపోటా అంటాం. ఇక్కడి చీకుకు పేరుంది. తోటలు చాలావరకు ఇరానీ, పారశీ ఆసాముల చేతుల్లో పెరిగాయి, అందులో కూలికి పోయింది వార్లీలు. కొండల దిక్కు జీపులో పోతుంటే రోడ్డుకు రెండు వైపులా కోసిన వరి, తాటిచెట్లు, వెదురు పొదలు. పాడా అంటే ఊరు కాదు, ఊరికి దూరంగా పది ఇరవై ఇండ్ల గుంపు. మన దిక్కు గూడెం అన్నట్టు.

దోస్తు జుట్టు నెరిసింది కాని నవ్వు అదే. ముందు గది సర్కారు పథకంలో కట్టిన సిమెంటు గది. వెనుక వంటింటి గోడ మాత్రం పాతదే ఉంచుకున్నారు: కార్వీ పుల్లలు దగ్గర దగ్గర కట్టి, మట్టీ పేడా కలిపి మెత్తింది. ఆ ఇంట్లో బొమ్మలు వేసేది వైనీ, అంటే దోస్తు భార్య. ఆమెకంటే పెద్ద, దోస్తు చిన్నమ్మ ఒకామె ఉంది, ఎనభై దగ్గరపడ్డ ముసలమ్మ. నేను మావుషీ అన్నాను, మనవరాలు ఆజీ అంది. ఆమె ధవళేరి. వార్లీల పెండ్లికి బాపనాయన రాడు. ధవళేరి ఆడది, పాటలు పాడి పెండ్లి జరిపిస్తుంది. ఆమె పాడకపోతే ఆ పెండ్లి పెండ్లి కాదు.

మనవరాలు నోటుబుక్కు, తెల్ల పోస్టర్ రంగు, సన్న బ్రష్షు తీసి ముందర పెట్టుకుంది. వైనీ వాటిని చూసి మెల్లగా పక్కకు జరిపింది. "ముందు గోడ తయారు చేయాలి బిడ్డా."

మొదటి రోజు మొత్తం బొమ్మ లేదు. గోడ మీద పెచ్చులు లేచిన చోట మట్టి పూశారు, పేడతో అలికారు, ఎండినంక ఎర్రమట్టి నీళ్ళు పూశారు. మా పిల్ల మొదట ముక్కు మూసుకుంది, తర్వాత మోచేతుల దాకా పూసుకుంది. రాత్రి గుప్పెడు బియ్యం నానబెట్టారు. తెల్లారి రాతి మీద నూరి నీళ్ళు కలిపారు, పట్టి ఉండేందుకు కొంచెం జిగురు. అదే తెల్ల రంగు. కుంచె అంటే వెదురు పుల్ల. కొస నమిలి నమిలి పీచు చేస్తారు. పిల్ల కూడా ఒక పుల్ల నమిలింది. అంతే ఖర్చు. మా అబ్బాయి కారఖానాలో ఒక్క ఫ్రేము చేయించే డబ్బుకు ఇట్లాంటి గోడలు ఎన్ని వస్తాయో అనుకున్నాను.

బొమ్మలో ఉండేది మూడే ఆకారాలు. గుండ్రం, ముక్కోణం, చతురస్రం. గుండ్రం సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చూసి, ముక్కోణం కొండనూ చెట్టునూ చూసి వచ్చాయంటారు. మనిషంటే రెండు ముక్కోణాలు, పైది తలకిందులు, కిందది సరిగ్గా, రెండూ మొనల దగ్గర కలుస్తాయి. ఆ కలిసే చోటే నడుము. మనవరాలు మొదటి మనిషిని స్కేలు పెట్టి గీసినట్టు గీసింది. వైనీ, "వీడు నిలబడ్డాడు, పని చేస్తలేడు" అంది. పై ముక్కోణాన్ని కాస్త వంచి గీసి చూపింది. అంతే, మనిషి వంగి నాటు వేస్తున్నాడు. ఇంకొంచెం వెనక్కి వంచింది, బావిలో నీళ్ళు చేదుతున్నాడు. నేను నోరు తెరిచి చూశాను. కండ్లు లేవు, ముక్కు లేదు, బట్ట లేదు. ఒక్క నడుము వంపుతో వాడు ఏం పని చేస్తున్నాడో తెలుస్తుంది. నడుము నొప్పితో సాంచెల మధ్య నలభై ఏండ్లు తిరిగినవాణ్ణి, నాకు ఆ సంగతి బాగా అర్థమైంది.

నన్నూ గీయమన్నారు. చెయ్యి వణుకుతుంది, మనిషి నిలబడలేదు. కాని అడ్డగీతలు, నిలువుగీతలు గీయమంటే చకచకా గీశాను, పడుగూ పేకా లెక్క. వైనీ దాన్ని చేపల వలగా మార్చి, కింద ఒక వాగూ, వాగులో చేపలూ వేసింది. "చూడు, ఒట్టిగ పోలేదు" అంది. చెట్టును మాత్రం కింది నుంచి పైకే గీసింది. ఎందుకట్లా అంటే, "చెట్టు ఎట్ల పెరుగుతదో అట్లనే గీయాలె గద" అంది. మా పిల్ల ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.

ఈ బొమ్మలు మొదట అమ్మకానికి వేసినవి కావు. పెండ్లికి వేసేవి. పెండ్లి ఇంట్లో గోడ మీద ముత్తయిదువలు చౌక్ గీస్తారు, అంటే చతురస్రం. దాని నాలుగు అంచులూ మన చీర అంచుల్లా పనితనంతో నిండి ఉంటాయి. నడిమధ్య పాలఘాట్ దేవి. పంటా పిల్లలూ ఇచ్చే తల్లి. పక్కన చిన్న దేవ్‌చౌక్‌లో పంచశిర్యా, ఐదు తలల దేవుడు. ధవళేరి పాడుతుంటే దేవి వచ్చి ఆ గీతల్లో కూర్చుంటుందని నమ్మకం. మగవాళ్ళు గీసేది కాదు అది. 1970ల మొదట్లో సర్కారు హస్తకళల వాళ్ళ తరఫున భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు ఇటు వచ్చి, ఈ గోడలు చూసి, కాగితం ఇచ్చి గీయమన్నాడు. గంజాడ్ దగ్గర పాడాలో ఉండే జివ్యా సోమా మాషే అనే మగమనిషి అప్పటికే ఆడవాళ్ళతో సమానంగా గీసేవాడు. పెండ్లి బొమ్మలే కాక రోజూ చూసేవన్నీ, వలా, చీమల బారూ, వరి కోతా, కాగితం మీద పెట్టాడు. ఆయనకు 1976లో జాతీయ అవార్డు, 2011లో పద్మశ్రీ వచ్చాయి. 2018లో పోయాడు. ఇప్పుడు డహాణూ చుట్టుపక్కల మగా ఆడా ఎంతోమంది దీని మీద బతుకుతున్నారు.

మనవరాలు మావుషీ దగ్గర కూర్చొని, "ఆజీ, ఆ చౌక్ గీసి చూపియ్యవా?" అని అడిగింది. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంట్ల పెండ్లి లేదు. పిలిస్తే దేవి వస్తది. వచ్చినాక ఏం పనికి పిలిచినవు అంటే ఏం చెప్త?" అంది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. పిల్ల ఇంక అడగలేదు. నన్ను అడిగింది: "మన పెండ్లిల మనం ఏం గీస్తం తాతా?"

కొంచెంసేపు తోచలేదు. తర్వాత చెప్పాను. ఐరేని కుండలు. కుమ్మరింటి నుంచి బాజాతో తెచ్చే కుండలు. వాటి మీద సున్నంతో, రంగులతో గీతలూ చుక్కలూ వేస్తారు. మా అవ్వ పెండ్లివాళ్ళు పిలిస్తే పోయి ముగ్గు వేసేది, ఆమె వేలు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపేదో నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఇప్పుడు భివండీలో అన్నీ రంగులేసినవే బజారులో కొనుక్కొస్తున్నాం. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఏదో అడ్డం పడ్డది.

ఆ రాత్రి తిన్నాక దోస్తు వాళ్ళ నాయిన సంగతి ఎత్తాడు. వాళ్ళ నాయినను లగ్నగడీ అనేవారట. అంటే, పెండ్లికి ఆసామి దగ్గర అప్పు తీసుకుంటాడు. తీర్చలేక ఆలుమగలిద్దరూ ఆ ఆసామి ఇంట్లో బతుకంతా చాకిరీ చేస్తారు. ఊరివాళ్ళందరూ ఆసామికి ఊరికే చేసే పనిని వేఠ్ అంటారు. నేను ఉలిక్కిపడ్డాను. మన వెట్టి! మా తాత దొర ఇంటికి పైసా లేకుండా బట్ట నేసి ఇచ్చేవాడు. అడిగితే కొరడా. మా బాపు ఆ ఊరు విడిచి బొంబాయి మిల్లుకు వచ్చిందే ఆ వెట్టి పడలేక. మాటలు రెండు భాషల్లోనూ ఒక్కలాగే ఉన్నాయి, దెబ్బలూ ఒక్కలాగే ఉన్నాయి.

1945లో గోదావరి పరుళేకర్, ఆమె భర్త శ్యామ్‌రావ్ ఈ కొండల్లో తిరిగి కిసాన్ సభ పెట్టారు. ఆ ఏడు మే నెలలో ఝరీ అనే ఊళ్ళో వేలమంది వార్లీలు కూడి, ఇంక వేఠ్ చెయ్యం అని తీర్మానం చేశారు. లగ్నగడీలను విడిపించారు. అక్టోబరు 10న తలవాడలో కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. అయినా వేఠ్ మళ్ళీ రాలేదు. ఆ మరుసటేడే మన తెలంగాణలో వెట్టి మీద సాయుధ పోరాటం లేచింది. గోదావరిబాయి ఈ కథను మరాఠీలో పుస్తకంగా రాస్తే 1972లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దోస్తు అన్నాడు, "మా నాయినకు రాత రాదు. మా భాషకు లిపి లేదు. మేం రాసిందంటే గోడ మీది బొమ్మలే."

మూడో నాటి రాత్రి తార్పా మోగింది. తార్పా అంటే ఎండిన సొరకాయ బుర్రకు వెదురు గొట్టాలు మైనంతో అతికి, కింద తాటాకులతో పొడుగు గొట్టం చుట్టిన బాజా. వరి చేతికొచ్చే రోజుల్లో ఊదుతారు. వాకిట్లో ఊదేవాడు నడుమ నిలబడ్డాడు. ఆడా మగా ఒకరి నడుము ఒకరు పట్టుకొని వరుస కట్టారు. వాడు తిరిగితే వరుస తిరుగుతుంది, వాడు ఆగి కాలు తడితే అడుగు మారుతుంది. వరుస పాము చుట్టలా చుట్టుకుంటుంది, విడుతుంది. మనవరాలిని కూడా లాగి వరుసలో కలుపుకున్నారు. మొదట తప్పటడుగులు వేసింది. ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూడబోతే పక్క అమ్మాయి ఆమె భుజం పట్టి మళ్ళీ తార్పా వైపు తిప్పింది. తార్పాకు వీపు చూపించవద్దు. ఆటలో ఎట్లా తిరిగినా ముఖం తార్పా వైపే ఉండాలి.

ఆట ఆగినంక పిల్ల రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడింది. ఒక నిమిషం ఊరుకుంది. తర్వాత తెలుగులో అంది: "తాతా, మన సంచి మీద అందరూ తార్పాకు వీపు తిప్పిండ్రు."

నిజమే. మా వాడు గుండ్రంగా ఉన్న ఆటను కోసి, సంచి అంచు పొడుగునా వరుసగా పరిచాడు. తార్పా వాడు ఒక కొసకు పోయాడు, మిగిలినవాళ్ళందరూ అటు వీపు పెట్టి ఇటు పోతున్నారు. బల్ల మీద ఆ సంచులు ఎండుతుంటే నేను ఎన్నిసార్లు చూశానో. నా కంటికి తోచలేదు.

"పోరి ఏమంటున్నది?" అని దోస్తు అడిగాడు.

తెలుగు వాళ్ళెవరికీ రాదు. ఆట బాగుందంటున్నది అని చెప్తే అయిపోయేది. నాలుక మీదికి ఆ మాటే వచ్చింది కూడా. కాని పిల్ల నా ముఖమే చూస్తున్నది. లేచి పోయి బ్యాగులోంచి సంచులు తెచ్చి దీపం కింద పెట్టాను. "మీకే తెచ్చిన. మా కొడుకు ప్రింటు చేసినవి. వీటి మీద తప్పున్నదని చెప్తున్నది" అన్నాను.

వైనీ చూసి ముందు నవ్వింది. "అందరూ అలిగి పోతున్నరా ఏంది?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మావుషీ మాత్రం సంచిని కండ్ల దగ్గరికి తీసుకొని వేలితో తడుముతూ కిందికి వచ్చింది. కింద, మూలకు, ఖాళీ నింపడానికి మా వాడు ఇంకో చిన్న బొమ్మ పెట్టాడు. చతురస్రం, నడుమ ఒక మూర్తి. పాలఘాట్ దేవి చౌక్. మూడు రోజులుగా దాని గురించి వింటూ కూడా నేను మా సంచి మీద అది ఉందని గుర్తు తెచ్చుకోలేదు.

"సంచిని కింద పెడతరు గదా?" అంది ముసలమ్మ. ఇంకేం అనలేదు.

దోస్తు అడిగాడు, "ఒకటి ఎంతకు అమ్ముతరు?" దుకాణంలో 180 అన్నాను. మా వాడికి వచ్చేది అందులో చిన్న ముక్క, ఆ లెక్కా చెప్పాను. "బొమ్మ ఎవరు గీసిండ్రో తెలుసా?" తెలియదన్నాను. అతను తలూపి బీడీ ముట్టించాడు. వార్లీ చిత్రానికి భౌగోళిక గుర్తింపు అనే రిజిస్ట్రేషను ఉంది, పేరు పెట్టి అమ్ముకునే హక్కు వాళ్ళది. కాని ఆ రాత్రి అతను చట్టం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలిక అయ్యేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తాత గుర్తొచ్చాడు. వెట్టి పోయినంక ఆయన చేతిమగ్గం మీద చీరలు నేసి బతికాడు. అంచు ఆయన స్వంత పనితనం. కొన్నేండ్లకు అదే అంచు మిల్లు చీర మీద అచ్చయి సగం ధరకు సంతకు వచ్చింది. తాత ఆ చీర పట్టుకొని వెలుగులో చూశాడట, మడిచి పెట్టాడట, తర్వాత మగ్గం దిగాడట. మా అవ్వ చెప్పేది. 1985లో కేంద్ర సర్కారు చట్టం చేసింది, కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలని. మొదట 22 రకాలు, తర్వాత 11కు తగ్గాయి. ఆ చట్టం ఉండగానే నేను భివండీలో సాంచె మీద చేనేత అంచుల చీరలు నేశాను. సేఠ్ చెప్పాడు, నేశాను. నా కొడుకుకు ఎవరు నేర్పారు అని అడిగితే, నేనే నేర్పాను.

మరునాడు బయలుదేరేముందు మావుషీ ఒక సంచి తీసుకొని లోపలి వైపు బయటికి తిప్పింది. బొమ్మ లోపలికి పోయింది. అందులో కొత్త బియ్యం పోసి, మూతి కట్టి మనవరాలి చేతికిచ్చింది. "దేవి బియ్యంల కూసున్నది, ఇప్పుడు ఫర్వాలేదు" అంది. వైనీ అంది, "మీ కొడుకును పంపు. సంచికి సరిపడే బొమ్మ నేనే గీసిస్త. తార్పా వాణ్ణి ఎక్కడ నిలబెట్టాల్నో నాకు తెలుసు. బొమ్మకింత అని ఇస్తే చాలు."

ఇంటికొచ్చి మా వాడితో చెప్పాను. వాడు అప్పటికే 600 సంచులు ఇచ్చేశాడు. "ఎవరు చూస్తరు బాపూ?" అన్నాడు. "నీ మనుమరాలు తప్ప కొన్నోళ్ళెవరూ అడగలే. ఈ ఆర్డర్ పైసలతోనే దాని ఫీజు కట్టేది." వాడి మాటలో అబద్ధం లేదు. నేనూ ఒకప్పుడు సేఠ్ మాటకు అట్లనే తలూపినవాణ్ణి, గట్టిగా ఏమనగలను? దేవి బొమ్మ ఉన్న మూలను మాత్రం ఫ్రేములో మూసేయమన్నాను. మారు మాట్లాడకుండా మూసేశాడు. మిగిలిన 400 సంచులు దేవి లేకుండా పోయాయి. ఆట మాత్రం అట్లనే, తార్పాకు వీపు పెట్టే పోయింది.

రెండు నెలలు ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మనవరాలు బడిలో వేసిన బొమ్మకు టీచరు, మనుషులు వంకర పోయారని మార్కులు తగ్గించింది. పిల్ల బాధపడలేదు. "వాళ్ళు పని చేస్తున్నరు టీచర్" అని చెప్పి వచ్చిందట. ఇప్పుడు మా గ్యాలరీ గోడకు ఎర్రమట్టి పూసి రోజుకొకణ్ణి గీస్తున్నది. ఒక మూలన సాంచె ముందు వంగిన ముసలివాడొకడున్నాడు. నడుము చూసి నేనేనని తెలుసుకున్నాను.

మొన్న ఆదివారం అన్నం తింటూ మా వాడు తల ఎత్తకుండా అడిగాడు, "వసైకి పొద్దున బస్సు ఎన్నిటికి బాపూ?" కొత్త ఆర్డర్ వచ్చిందట. చెప్పాను.

మీరూ పోయిరండి. వసై, విరార్ నుంచి డహాణూ లోకల్ ఉంది. దీపావళి తర్వాత పోతే కోతలు, తార్పా. చైత్ర పున్నమికి పోతే మహాలక్ష్మి జాతర. పిల్లలను తీసుకొని పోండి, పోస్టర్ రంగులు ఇంట్లోనే పెట్టండి. ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళకు రోజు కూలి లెక్క కట్టి ఇవ్వండి, మన పనికి మనం అడిగినట్టే. చౌక్ గీయమని అడగకండి. పెండ్లికి పిలిస్తే అప్పుడు చూద్దురు.